చిన్న చేపలకు లైవ్ ఫుడ్: నోటికి తగ్గది, పొట్టకు సరిపడేంత

ఈదడం అప్పుడే మొదలుపెట్టిన చేపపిల్లను దగ్గర నుంచి చూడండి. ఎదురుగా ఏదైనా కదిలితే ఆగుతుంది, ఒళ్లు విల్లులా వంచుతుంది, ఒక్క ఉదుటున దూకి అందుకుంటుంది. కదలనిది తిండి అని దానికి తోచదు. అందుకే ఎంత మంచి పొడి వేసినా చాలా రకాల పిల్లలు ముట్టవు. ఆ పొడి అడుగుకు చేరి కుళ్లుతుంది, నీళ్లు పాడవుతాయి, పిల్లలు ఆకలితోనూ చెడునీటితోనూ పోతాయి. బతికున్న ఆహారం ఈ రెండు ఇబ్బందులనూ తప్పిస్తుంది, కానీ సరైన సైజు ఎంచుకుని సరైన మోతాదులో వేస్తేనే.

ముందు నోరు చూడండి

ఒక మోటు లెక్క పెట్టుకోండి: ఆహారం చేప కన్ను కంటే పెద్దదిగా ఉండకూడదు. ఏది ఎంచుకోవాలో చాలావరకు దీంతోనే తేలిపోతుంది.

గప్పీ, మోలీ, ప్లాటీ పిల్లలు పుట్టిన రోజే ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలను మింగగలవు. అప్పుడే గుడ్డు నుంచి బయటపడ్డ ఆర్టీమియా సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. కిల్లీ చేపల్లో కూడా చాలా రకాల పిల్లలకు ఇది సరిపోతుంది. బెట్టా పిల్లల నోరు ఇంకాస్త చిన్నది కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు వెనిగర్ ఈల్స్‌గానీ (వెనిగర్‌లో పెరిగే సన్నటి పురుగులు) ఇన్‌ఫ్యూజోరియాగానీ (కంటికి సరిగా కనిపించని సూక్ష్మ నీటిజీవులు) వేసి, తర్వాత ఆర్టీమియాకు మారాలి. నియాన్ టెట్రా లాంటి వాటికి తొలి రోజుల్లో ఇన్‌ఫ్యూజోరియా తప్ప ఏదీ నోట పట్టదు.

నోటితో పాటు చేప ఎక్కడ తిరుగుతుందో కూడా చూసుకోవాలి. కోరీడోరాస్ పిల్లలు అడుగునే వెతుక్కుంటాయి, మైక్రోవర్మ్స్ (ఉడికించిన ఓట్స్ మీద పెంచే సన్నటి పురుగులు) వేసిన కాసేపటికే అడుగుకు చేరతాయి. ఆ రెంటికీ జోడీ బాగా కుదురుతుంది. అవే మైక్రోవర్మ్స్ పైపొరలో తిరిగే బెట్టా పిల్లలకు వేస్తే సగం వృథా. వెనిగర్ ఈల్స్ నీటి మధ్యలో, పైన రోజుల తరబడి ఈదుతూనే ఉంటాయి కాబట్టి పైన తినే పిల్లలకు అవే మేలు.

ఇంకో సంగతి. గుడ్డు నుంచి వచ్చిన వెంటనే తిండి వేయకండి. పొట్ట కింద పచ్చసొన సంచి ఉన్నంతకాలం పిల్ల దానిమీదే బతుకుతుంది. బెట్టా అయితే రెండు మూడు రోజులు నురగ గూటికి తోక కిందికి వేలాడుతూ ఉంటుంది. అడ్డంగా, నిలకడగా ఈదడం మొదలైన రోజే మొదటి మేత. ముందే వేస్తే నీళ్లు చెడతాయి, ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే పిల్లలు నీరసించి వేటాడే ఓపిక కోల్పోతాయి. అంటే మీ కల్చర్ (ఈ ఆహార జీవులను పెంచే తొట్టి లేదా డబ్బా) ఆ రోజుకి సిద్ధంగా ఉండాలి. చేపలను జత కట్టించే వారం ముందే కల్చర్ మొదలుపెట్టడం మంచిది, వెనిగర్ ఈల్స్ అయితే నెల ముందే.

ఆర్టీమియా పొదిగించడం

ఒకే ఒక్క లైవ్ ఫుడ్ నేర్చుకుంటాను అనేవాళ్లు దీన్నే నేర్చుకోవాలి. గుడ్లు ఎండిన రూపంలో డబ్బాలో దొరుకుతాయి, ఫ్రిజ్‌లో గాలి తగలకుండా ఉంచితే నెలల తరబడి నిలవుంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఒక రోజు ముందు నీళ్లలో వేస్తే చాలు.

కావలసినవి: ఒకటిన్నర లేదా రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, ఎయిర్ పంప్, గాలి గొట్టం, గట్టి ప్లాస్టిక్ గొట్టం, అయోడిన్ లేని ఉప్పు (అయోడిన్ ఉన్నది వాడినా పొదుగుతాయి, దాని గురించి బెంగ అక్కర్లేదు), వంటసోడా, ఒక టేబుల్ ల్యాంప్.

1. సీసా అడుగు కోసేసి, మూత బిగించి, తలకిందులుగా ఏదైనా గిన్నెలో నిలబెట్టండి. ఇప్పుడు మూత వైపు గరాటు ఆకారంలో కిందికి వస్తుంది. గుడ్లు మూలల్లో పేరుకోకుండా తిరుగుతూ ఉండటానికే ఈ ఆకారం.

2. క్లోరిన్ పోయిన నీళ్లు ఒక లీటరు పోసి, 25 గ్రాముల ఉప్పు కలపండి. సన్న ఉప్పయితే సమానంగా తీసిన చిన్న చెంచాలు నాలుగు. పీహెచ్ 8కి పైన ఉండాలి, మెత్తటి (లవణాలు తక్కువున్న) నీళ్లయితే పావు చెంచా వంటసోడా వేయండి.

3. గట్టి గొట్టాన్ని అడుగు దాకా దించి గాలి వదలండి. ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా విడగొట్టే రాయి) పెట్టకండి. సన్న బుడగలు నురగ తెస్తాయి, ఆ నురగతో పాటు గుడ్లు సీసా గోడకు ఎక్కి అక్కడే ఎండిపోతాయి. పెద్ద బుడగలు, బలంగా, నీళ్లు బాగా దొర్లేలా రావాలి.

4. ఒక గ్రాము గుడ్లు వేయండి. అర చిన్న చెంచాకు కాస్త తక్కువ. అంత చిన్న మోతాదులోనే రెండు లక్షలకు పైగా గుడ్లు ఉంటాయి కాబట్టి యాభై పిల్లలున్న తొట్టికి ఒక గ్రాము చాలా ఎక్కువ, పావు గ్రాముతో మొదలుపెట్టండి.

5. నీళ్ల వేడి 26 నుంచి 28 డిగ్రీలు. మొదటి కొన్ని గంటలు తప్పనిసరిగా వెలుతురు తగలాలి, అది లేకపోతే గుడ్డులో పెరుగుదల సరిగా మొదలవదు. ల్యాంప్ దగ్గరగా పెడితే వేడి, వెలుతురు రెండూ తీరతాయి. 30 డిగ్రీలు మాత్రం దాటనివ్వకండి.

ఇరవై గంటల ప్రాంతంలో ఒక చుక్క తీసి భూతద్దం కింద పెట్టండి. గోధుమరంగు గుడ్డు పెంకు పగిలి, దాని కింద నారింజరంగు పిల్ల ఇంకా పలచటి పొరలో ఉండి, గొడుగులా వేలాడుతూ కనిపిస్తుంది. ఇంకొన్ని గంటలకు పొర వదిలించుకుని తెడ్లు వేస్తున్నట్టు కొట్టుకుంటూ ఈదుతుంది. 24 గంటలకు చాలావరకు బయటికొస్తాయి. నీళ్లు చల్లగా, 22 డిగ్రీల దగ్గర ఉంటే 36 గంటలైనా పట్టొచ్చు.

పిల్లలను వేరుచేయడంలోనే చాలామంది తడబడతారు. గాలి ఆపి, సీసా పైభాగానికి నల్లగుడ్డ చుట్టి, కింద మూత దగ్గర ల్యాంప్ పెట్టండి. పది నిమిషాల్లో మూడు పొరలు కడతాయి: పైన తేలే ఖాళీ పెంకులు, అట్టడుగున పొదగని గుడ్లు, వాటికి కాస్త పైన వెలుతురు కోసం వచ్చి గుమికూడిన నారింజరంగు మేఘం. మూత వదులుచేసి మొదటి కొన్ని చుక్కలు పారేయండి, అవి పొదగని గుడ్లు. తర్వాత నారింజరంగు నీళ్లను సన్నటి జల్లెడలోకి (100–120 మైక్రాన్ల మెష్, లేదా దగ్గరగా నేసిన నూలుగుడ్డ) పట్టండి. పెంకులు దగ్గరకు రాకముందే ఆపేయండి. పెంకులు అరగవు, పసిపిల్లల పేగుల్లో అడ్డుపడొచ్చు. గాలి ఆపి పావుగంటకు మించి వదిలేస్తే కిందున్న గుంపు ఊపిరాడక చచ్చిపోతుంది, కాబట్టి ఆ పది నిమిషాలూ ఫోన్ పట్టుకుని పక్కకు వెళ్లకండి.

జల్లెడలో ఉన్నవాటిని మంచినీళ్లతో ఒకసారి కడిగి, చేపలకు వేయండి. వెంటనే. ఆర్టీమియా పుట్టిన కొన్ని గంటలు ఏమీ తినదు, పచ్చసొన ఖర్చుచేసుకుంటూ బతుకుతుంది. ఆరేడు గంటల్లో పొర విడిచి పెద్దదవుతుంది, సత్తువ తగ్గుతుంది, నారింజరంగు పలచబడుతుంది. మిగిలినవాటిని కొద్దిపాటి ఉప్పునీళ్లలో పలచటి పొరగా పోసి ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు వరకు ఆ సత్తువ చాలామటుకు నిలుస్తుంది.

పొదగకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి: పాత గుడ్లు (డబ్బా తెరిచి తేమ తగలనిచ్చినవి), చల్లటి నీళ్లు, చాలని గాలి. ముందు వేడి, గాలి సరిచేసి మళ్లీ చూడండి. అప్పుడూ సగానికి సగం పొదగకపోతే డబ్బా మార్చాల్సిందే.

మొయినా: ఓపికున్నవాళ్లకు దీన్ని మించింది లేదు

ఆర్టీమియా మంచినీళ్లలో కొన్ని గంటలకే చస్తుంది. మొయినా (మంచినీటిలో గెంతుతూ తిరిగే సన్నటి నీటి ఈగ) అలా కాదు. వేసినవి తినేదాకా తొట్టిలో గెంతుతూనే ఉంటాయి, పైగా వేడి వాతావరణాన్ని వాటి బంధువైన డాఫ్నియా అనే నీటి ఈగ కన్నా బాగా తట్టుకుంటాయి. పెరిగిన మొయినా ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది, దాని పిల్లలు అందులో సగం. డాఫ్నియా మాగ్నా అయితే ఐదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, 3 సెంటీమీటర్ల చేపకు అది నోరు పట్టని ముద్ద.

లోతు కన్నా వెడల్పు ఎక్కువున్న తొట్టి తీసుకోండి, 20 లీటర్లకు తక్కువ వద్దు. చిన్న డబ్బాలో నీళ్లు ఒక్క పొరపాటుకే తిరగబడతాయి. క్లోరిన్ పోయిన నీళ్లలో, వీలైతే మీ అక్వేరియంలోంచి మార్చిన పాత నీళ్లలో మొదలుపెట్టండి. ఆ పాత నీళ్లలో చేపలకు వేసిన మందు ఏదీ ఉండకూడదు. రాగి ఉన్న మందయితే ఆనవాలు మిగిలినా మొయినా మొత్తం పోతుంది.

మేత రెండు రకాలు. ఎండలో పెట్టిన పచ్చనీరు (సన్న పాచితో ఆకుపచ్చబారిన నీళ్లు) అన్నిటికన్నా మంచిది, అది తిన్న మొయినా చేపకు కూడా ఎక్కువ బలం ఇస్తుంది. అది లేకపోతే బ్రెడ్‌కు వాడే పొడి ఈస్ట్. 20 లీటర్లకు చెంచాలో ఎనిమిదో వంతు, గోరువెచ్చటి నీళ్లలో బాగా కలిపి పోయండి. నీళ్లు కాస్త మసకబారాలి, అంతే. ఆ మసక ఒక రోజులో విరిగి నీళ్లు తేటపడితేనే మళ్లీ వేయాలి, అది కూడా మొదటిదాంట్లో సగం. రెండో రోజుకీ తేటపడకపోతే మీరు వేసింది ఎక్కువైంది. మొయినా కల్చర్లు ఆకలితో పోయేది తక్కువ, ఎక్కువ తిండితోనే పోతాయి. ఈస్ట్ కుళ్లి ప్రాణవాయువు లాగేస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది, పొద్దున్నే చూస్తే అడుగున తెల్లటి పొడిలా పడి ఉంటాయి.

గాలి కావాలంటే నెమ్మదిగా, పెద్ద బుడగలతో. సన్న బుడగలు వాటి పెంకు కింద ఇరుక్కుంటాయి, ఇక అవి దిగలేక నీటిపైన తేలుతూ చస్తాయి.

ఇక కల్చర్ సంగతి దాని రంగే చెబుతుంది. భూతద్దంలో పేగు పచ్చగానో నిండుగానో కనిపించి, వీపు మీద గుడ్లుంటే అంతా బాగుంది. ఒళ్లు ఎర్రబారితే నీళ్లలో ప్రాణవాయువు తక్కువైందని అర్థం, అది తట్టుకోవడానికే ఎర్రటి రక్తపదార్థం తయారుచేసుకుంటాయి. వీపు మీద నల్లటి జీను లాంటి మచ్చ కనిపిస్తే అవి ఎండకూ చలికీ తట్టుకునే గుడ్లు పెడుతున్నాయి, అంటే ఇబ్బందిలో ఉన్నాయి. అప్పుడు మూడోవంతు నీళ్లు మార్చి, కొన్నింటిని తీసేసి పలచన చేయండి.

మంచి వేడిలో ఆడ మొయినా నాలుగు నుంచి ఏడు రోజుల వయసుకే పిల్లలు పెడుతుంది, తర్వాత సుమారు రెండు రోజులకోసారి. అందుకే వారం పది రోజుల్లో తొట్టి కిక్కిరిసిపోతుంది. అక్కడి నుంచి రోజూ నాలుగో వంతు తీయొచ్చు. తీయడానికి బద్ధకిస్తే కల్చర్ దానంతటదే కూలుతుంది. తొట్టి మీద దోమతెర తప్పనిసరి, లేదంటే మొయినా బదులు దోమలను పెంచినట్టవుతుంది. ఎప్పుడూ రెండు తొట్లు వేరువేరుగా నడపండి, ఒకే మగ్గు రెంటిలో ముంచకండి.

వెనిగర్ ఈల్స్, మైక్రోవర్మ్స్

వెనిగర్ ఈల్స్‌కు పని దాదాపు లేనట్టే. ఆపిల్ సైడర్ వెనిగర్ సగం, నీళ్లు సగం, రెండు ఆపిల్ ముక్కలు, కొంచెం పాత కల్చర్. మూతకు బదులు గుడ్డ కట్టి ఒక మూల పెట్టేస్తే నెల రోజుల్లో చిక్కబడుతుంది, ఆరు నెలల వరకు ముట్టుకోకపోయినా నడుస్తుంది. తీయడానికే చిన్న ఉపాయం కావాలి. పొడుగు మెడ ఉన్న సీసాలోకి మెడ మొదలు దాకా కల్చర్ పోసి, ఫిల్టర్ దూది ముక్కను మెడలోకి ఆ ద్రవం తగిలేలా దించి, దాని మీద మంచినీళ్లు మెల్లగా పోయండి. కింద గాలి తక్కువ కాబట్టి పురుగులు దూదిలోంచి పైకి పాకుతాయి. రాత్రి పెట్టి పొద్దున చూస్తే పై నీళ్లలో వెండి దారాల్లా మెలికలు తిరుగుతుంటాయి. ఆ నీళ్లనే డ్రాపర్‌తో తీసి వేయాలి. కల్చర్‌ను నేరుగా తొట్టిలో పోస్తే వెనిగర్ వల్ల పీహెచ్ పడిపోతుంది.

మైక్రోవర్మ్స్‌కు ఓట్స్ గట్టిగా ఉడికించి, చల్లారాక వెడల్పు డబ్బాలో రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, చిటికెడు ఈస్ట్ చల్లి, పాత కల్చర్ ఒక చెంచా పైన పూయండి. మూతకు సన్న చిల్లులు పెట్టి వాటికి గుడ్డ అంటించాలి, పండ్ల ఈగలకు ఈ వాసన చాలా ఇష్టం. మూడు నాలుగు రోజులకు పురుగులు గోడ ఎక్కుతాయి. వేలితోనో ఇయర్‌బడ్‌తోనో తుడిచి కప్పు నీళ్లలో కలిపి వేయండి. పిండి ముక్క మాత్రం రానివ్వకండి. మూడు నాలుగు వారాలకు పిండి పలచబడి ఘాటైన వాసన వస్తుంది. అది వచ్చే ముందే కొత్త డబ్బా మొదలుపెట్టండి. ఆ వాసన సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఇన్‌ఫ్యూజోరియాకు అక్వేరియం నీళ్లు ఒక లీటరు, వేడినీళ్లలో ముంచి మెత్తబరచిన లెట్యూస్ ఆకు ఒకటి చాలు. నీళ్లు ముందు తెల్లగా మబ్బుపట్టి కంపు కొడతాయి. అది బాక్టీరియా, అప్పుడే వేయకూడదు. నాలుగైదు రోజులకు తేటపడి, టార్చి వేసి చూస్తే ధూళిలా కదిలే చుక్కలు కనిపించినప్పుడు వేయాలి. పది లీటర్ల తొట్టికి పూటకు 20–30 మిల్లీలీటర్లు, రోజుకు మూడుసార్లు.

బయట పట్టేవి, కొని తెచ్చేవి

గుంటల్లో పట్టిన డాఫ్నియాతో తూనీగ పిల్లపురుగులు, హైడ్రా అనే కుట్టే చిన్న నీటిజీవులు కూడా వస్తాయి. తూనీగ పిల్లపురుగు చిన్న చేపనే పట్టి తినేస్తుంది. తెల్లటి పళ్లెంలో పోసి ఒక్కొక్కటీ చూసి వేయండి. చేపలు తిరిగే చెరువు నీళ్లయితే రోగాలూ వస్తాయి కాబట్టి చేపల్లేని గుంటలే ఎంచుకోవాలి.

ట్యూబిఫెక్స్ అనే సన్నటి ఎర్ర పురుగు మురుగు బురదలో పెరుగుతుంది. వాడక తప్పదంటే మూడు నాలుగు రోజులు చల్లటి నీళ్లలో ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ కడగండి. పసిపిల్లలకు మాత్రం వద్దు. బ్లడ్‌వర్మ్ (దోమలాంటి ఒక ఈగ ఎర్రటి లార్వా) తాకితే కొందరికి దురద, తుమ్ములు, ఊపిరాడకపోవడం దాకా వస్తాయి, పటకారు వాడండి.

దోమ లార్వా పెద్ద చేపలకు అద్భుతమైన మేత. కానీ వేడిలో గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి బకెట్ పెడితే రెండు రోజులకోసారి వడకట్టాలి. ఊరెళ్లేముందు నీళ్లు పారబోసి, లోపలి గోడలు బ్రష్‌తో రుద్దాలి, ఎందుకంటే ఏడిస్ దోమ గుడ్లు ఎండిన గోడ మీద నెలలపాటు బతికే ఉంటాయి. అది కుదరని వాళ్లు ఈ మేత జోలికి పోకపోవడమే మంచిది.

తొట్టిలో వేసేటప్పుడు

ఫిల్టర్ ఆపండి, లేదంటే మేతలో ఎక్కువ భాగం స్పాంజిలోకి పోతుంది. పావుగంట తర్వాత ఫిల్టర్‌ను మళ్లీ ఆన్ చేయండి. మరచిపోతే ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియా చావడం మొదలవుతుంది కాబట్టి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. డ్రాపర్‌తో పిల్లలు గుమికూడిన చోటే, వాటి ముఖం ముందు, కొన్ని చుక్కలు వదలండి. మూల నుంచి దీపం పెడితే ఆర్టీమియా అక్కడికే వచ్చి చేరుతుంది, పిల్లలకు వెతికే పని తగ్గుతుంది.

మోతాదుకు కొలమానం పిల్లల పొట్టే. ఆర్టీమియా తిన్న పిల్ల పొట్ట చర్మంలోంచి గుండ్రంగా, నారింజరంగులో మెరుస్తుంది. రెండు మూడు నిమిషాలకు తొట్టిలో అందరి పొట్టలూ అలా అయ్యి, నీళ్లలో ఇంకా ఈదుతున్నవి కొన్నే మిగిలితే మోతాదు సరిగ్గా ఉన్నట్టు. పది నిమిషాలకీ మేఘంలా మిగిలితే తర్వాతి పూట సగం వేయండి. ఒకటి రెండు పొట్టలు మాత్రం చదునుగా ఉంటే ఆ పిల్లలు చిన్నవైనా ఉండాలి, పెద్దవి తరుముతూనైనా ఉండాలి. వేరే డబ్బాలోకి మార్చండి.

పసిపిల్లలకు రోజుకు నాలుగైదుసార్లు, కొంచెం కొంచెంగా. చచ్చిన ఆర్టీమియా అడుగున గులాబీరంగు పొరలా కనిపిస్తుంది, దాన్ని రోజూ సన్న గొట్టంతో లాగేసి పదిశాతం నీళ్లు మార్చాలి. పెద్ద చేపలకు వారానికి మూడు నాలుగుసార్లు లైవ్ ఫుడ్ చాలు. గ్రిండల్ వర్మ్స్‌లో (తడిమట్టిలో పెంచే సన్నటి తెల్ల పురుగులు) కొవ్వు ఎక్కువ కాబట్టి అవి వారానికి రెండుసార్లు మించొద్దు. బెట్టా పొట్ట ఉబ్బినట్టుంటే ఒకరోజు పస్తు పెట్టి, మర్నాడు డాఫ్నియా వేయండి. దాని పెంకు అరగదు, పీచులా పనిచేసి కడుపు కదిలిస్తుంది.

మూడు నాలుగు వారాల వయసులో పొడి మేత అలవాటు చేయడం మొదలుపెట్టండి. లైవ్ ఫుడ్ వేసే ఐదు నిమిషాల ముందు, పిల్లలు ఆకలితో ఎదురుచూస్తున్నప్పుడు, వేళ్ల మధ్య నలిపిన పొడి చిటికెడు చల్లండి. మొదట నోట్లో వేసుకుని ఊసేస్తాయి. రెండు మూడు రోజులకు కొన్ని మింగుతాయి, వాటిని చూసి మిగిలినవీ ఎగబడతాయి. వారం తిరిగేసరికి పొడి తిన్న పొట్టలు తెల్లగానో గోధుమరంగులోనో కనిపిస్తే, లైవ్ ఫుడ్‌ను రోజుకు ఒక పూటకు తగ్గించవచ్చు.